రెండు పరుపులు, అంతర్వేది తీర్థం లోపు

ముక్కనుమ

పని రెండు పరుపుల మీద. ఒకటి పడగ్గదిలో డబుల్ కాట్ మీది కాయర్ పరుపు. ఆరడుగులు బై అయిదడుగులు, అయిదంగుళాల మందం, లోపల రబ్బరు పాలు పట్టించిన కొబ్బరి పీచు, పైన అంగుళం ఫోమ్. రెండోది అత్తయ్యగారి బూరుగు దూది పరుపు, అటక మీద పాత దుప్పట్లో చుట్టి ఉంది. గడువు భీష్మ ఏకాదశి. మాది సఖినేటిపల్లి వైపు. అంతర్వేది తీర్థం వచ్చిందంటే దశమి రాత్రి కల్యాణానికి వచ్చేవాళ్ళు, ఏకాదశి రథానికి వచ్చేవాళ్ళు, అందరికీ మా ఇల్లే మజిలీ. రథసప్తమి కల్లా రెండూ పక్క వేసేలా ఉండాలని నా లెక్క.

దుప్పట్లు తీసి, కిటికీ రెక్కలు బార్లా తెరిచి, కాయర్ పరుపుని పగటి వెలుతురులో చూశాను. తల వైపు కొబ్బరినూనె మరక. నడుము దగ్గర పసుప్పచ్చగా చెమట. కుడిపక్క, ఈ పండక్కి మా ఆడపడుచు గారి బుడ్డోడు పోసిన మరక. మధ్యలో తేటగా ఉంది, చుట్టూ మాత్రం గీత గీసినట్టు గోధుమరంగు అంచు. చూడాల్సింది ఆ అంచునే. తడి ఆరేటప్పుడు అందులో కరిగి ఉన్నవన్నీ అంచుకి చేరి అక్కడ మిగిలిపోతాయి. నడిబొడ్డున ఎంత రుద్దినా అంచు వదలకపోతే పని సగమే అయినట్టు.

పరుపు ఎత్తి నిలబెడితే అడుగున, ప్లైవుడ్డుకి ఆనిన చోట, ఆవగింజంత నల్ల చుక్కలు. బూజు.

వాసన సంగతి మాత్రం వింతగా ఉంది. మధ్యాహ్నం ముక్కు ఆనించినా పెద్దగా తెలీదు. తెల్లారుజామున మాత్రం గదంతా కొడుతుంది. కురిడీల (ఎండు కొబ్బరి) గదిలో పెట్టుకున్న తేమ మీటరు తెచ్చి దిండు పక్కన పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి 56 శాతం. తెల్లవారేముందు 83.

గుట్టంతా ఉప్పులో ఉంది. చెమటలోనూ మూత్రంలోనూ ఉప్పు ఉంటుంది. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు పరుపులోనే ఉండిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు తేమని లాక్కుని కరగడం మొదలెడుతుంది, వానాకాలం వంటింట్లో ఉప్పుజాడీ చెమర్చినట్టు. ఎండిపోయిందనుకున్న మరక మళ్ళీ తడుస్తుంది. తడి తగలగానే బాక్టీరియా అందులోని యూరియాని అమోనియాగా మార్చే పనిలో పడుతుంది. మన లంకల్లో, సముద్రం పక్కన, చాలా రాత్రులు గాలి ఆ 75ని దాటే ఉంటుంది. అందుకని సెంటు కొట్టినా, కర్పూరం పెట్టినా, వేపాకు పరిచినా రాత్రయ్యేసరికి కథ మామూలే.

ఉప్పు బయటికి తియ్యాలంటే నీళ్ళు కావాలి. నీళ్ళు పోస్తే అయిదంగుళాల పీచు లోపల ఆరదు. ఈ ప్రాజెక్టు మొత్తం ఆ రెండింటి మధ్య పంచాయితీ.

అత్తయ్యగారు గుమ్మంలోంచి చూసి, "డాబా మీదికెక్కించి పైపెట్టి కడిగెయ్యండర్రా, ఎండకి అదే ఆరుద్ది" అన్నారు. చాపకీ నవారుకీ అయితే అదే మంచి పద్ధతి. దీనికి నేను ఒప్పుకోలేదు.

మర్నాడు: పొడి పని

తడి తగిలించేముందు దుమ్ము పోవాలి, లేకపోతే అది బురదై బట్ట నేతలోకి దిగుతుంది. దుప్పట్లు, గలీబులు మెషిన్‌లో 60 డిగ్రీల వేడి నీళ్ళకి వేశాను. డస్ట్ మైట్స్, అంటే దుమ్ములో బతికే కంటికి కనపడని చిన్న జీవులు, చల్లనీళ్ళకి చావవు, ఆ వేడికి చస్తాయి. అవి మనల్ని కుట్టవు. ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. తుమ్ములూ ఆయాసమూ తెప్పించేది ముఖ్యంగా వాటి రెట్ట. అవి నీళ్ళు తాగవు, గాలిలో తేమనే ఒంట్లోకి లాక్కుంటాయి. అందుకే పొడి ఊళ్ళలో తక్కువ, మన దగ్గర వాటికి రోజూ సంక్రాంతే.

పక్కింటి వదిన దగ్గర వాక్యూమ్ క్లీనర్ తెచ్చాను. సన్నమూతి తగిలించి, పరుపు చుట్టూ పైపింగ్ కుట్టు వెంబడి నెమ్మదిగా లాగాలి. పైపైన గబగబా తోస్తే శబ్దమే మిగులుతుంది. పైపింగ్ కింద పాత ఏటీఎం కార్డు దూర్చి గీస్తూ, టార్చి వేసి నల్లుల కోసం కూడా చూశాను. ఉంటే కుట్ల మీద సిరాచుక్కల మాదిరి నల్ల మచ్చలు కనపడతాయి. లేవు. ఉండి ఉంటే ఈ డైరీ ఇక్కడితో ఆగి వేరే డైరీ మొదలయ్యేది.

వాక్యూమ్ లేనివాళ్ళు బెత్తంతో కొట్టొచ్చు, కాకపోతే ఆరుబయట, మూతికి గుడ్డ కట్టుకుని. గదిలో కొడితే లేచిన దుమ్ము తిరిగి మంచం మీదే దిగుతుంది.

మరకలు

ముందు నీళ్ళ సంగతి. మా బోరు నీళ్ళు ఉప్పన. బట్టలకీ గిన్నెలకీ సరిపెట్టుకుంటున్నాం గానీ పరుపులోంచి ఉప్పు తీయడానికి ఉప్పునీళ్ళు వాడటంలో అర్థం లేదు. తాగడానికి తెచ్చుకునే ఫిల్టర్ టిన్ను నీళ్ళే స్ప్రే బాటిల్లో పోశాను. సముద్రం వైపు ఊళ్ళవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. బోరు నీళ్ళతో తుడిచిన సోఫా, పరుపు వానాకాలం వచ్చేసరికి జిగటగా తగలడానికి కారణం చాలాసార్లు ఇదే.

నూనె మరకతో మొదలుపెట్టాను, ఎందుకంటే నూనె ఉన్నచోట నీళ్ళు దిగవు. టాల్కమ్ పౌడరు మందంగా చల్లి, పైన కాగితం వేసి, రెండు లావు పుస్తకాలు బరువు పెట్టి మధ్యాహ్నం దాకా వదిలేశాను. శనగపిండి కూడా నూనె పీల్చుకుంటుంది గానీ కుట్లలో మిగిలిపోయింది పురుగుకి మేత. పౌడరు లాగేశాక గిన్నెల సబ్బు రెండు చుక్కలు గిన్నెలో గిలకొట్టి, కింద నీళ్ళు వదిలేసి పైన నురగ మాత్రం గుడ్డతో తీసి రుద్దాను. నురగలో ఉండేది ఎక్కువ గాలి, కాబట్టి బట్ట తడుస్తుంది, లోపల ఫోమ్ తడవదు. కుంకుడు నురగ దీనికన్నా బాగా నూనె వదిలిస్తుందని నా నమ్మకం, కానీ లేతరంగు బట్ట మీద దాని రంగు దిగుతుంది. దాన్ని బూరుగు పరుపుకి అట్టేపెట్టాను.

బుడ్డోడి మరక అసలు పని. మామయ్యగారి పాత పంచె నాలుగు మడతలు పెట్టి సిద్ధం చేసుకున్నాను. మరక బయట రెండంగుళాల నుంచి లోపలికి, చుట్టూ తిరుగుతూ సన్నగా స్ప్రే చేసుకొచ్చాను. లోపలి నుంచి బయటికి చేస్తే మరక పెద్దదవుతుంది. ఒక్క నిమిషం ఆగి, పంచె పరిచి, మోకాలు మోపి ఒంటి బరువంతా వేసి, ముప్పై అంకెలు లెక్కపెట్టి లేచాను. పంచె మీద పలచటి టీ రంగులో గుండ్రటి ఉంగరం దిగింది. మడత తిప్పి మళ్ళీ స్ప్రే, మళ్ళీ మోకాలు. ఉంగరం లేతబడుతూ వచ్చి, చివరికి పంచె తెల్లగానే లేచింది. రుద్దడం అన్నమాటే లేదు. రుద్దితే లోపలికి తోస్తాం, అదిమితే పైకి లాగుతాం.

తర్వాత తెల్ల వెనిగర్ సగం, నీళ్ళు సగం కలిపి అదే పద్ధతిలో ఓసారి. అమోనియా క్షారం, వెనిగర్ ఆమ్లం, ఒకదాన్నొకటి చల్లారుస్తాయి. గదిలో ఆవకాయ జాడీ పగిలినంత ఘాటు వస్తుంది, ఆరితే పోతుంది. ఫ్యాను కింద రాత్రంతా వదిలేశాను.

గోధుమరంగు ఇంకా నీడలా ఉంటే మర్నాడు హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాను. మెడికల్ షాపులో ఇచ్చిన సీసా మీద 6 శాతం అని ఉంది, సమానంగా నీళ్ళు కలిపితే 3 అయ్యింది. చేతికి గ్లవుజులు. ముందు పరుపు అడుగున మూలకి ఓ చుక్క వేసి బట్ట రంగు పోవట్లేదని చూసుకున్నాను. వెనిగర్ పూర్తిగా ఆరాకే ఇది వెయ్యాలి, ఒకే సీసాలో రెండూ అసలు కలపకూడదు. రెండూ కలిస్తే పెరాసెటిక్ ఆమ్లం పుడుతుంది, కళ్ళూ గొంతూ మండిస్తుంది. వరదల తర్వాత అందరిళ్ళలోనూ మిగిలిపోయే బ్లీచింగ్ పొడి సంగతి ఇంకా ప్రమాదం. వెనిగర్ తగిలితే క్లోరిన్, అమోనియా తగిలితే క్లోరమిన్ వాయువు. మూత్రపు మరక మీద బ్లీచింగ్ చల్లడం అంటే తలుపులేసుకున్న గదిలో మనకి మనమే పొగ పెట్టుకోవడం.

పెరాక్సైడ్ రంగుని తెల్లబరుస్తుంది, ఉప్పుని కదపదు. తెల్లగా కనపడే పరుపంతా బాగైందని మోసపోయేది ఇక్కడే. పంచె పని ముందు, సీసా పని తర్వాత.

ఆఖరున సోడా. తినే సోడా, బట్టల సోడా కాదు. దీని గురించి అందరూ చెప్పేంత గొప్ప నాకు కనపడలేదు. పైపొరలో చెమట తాలూకు పుల్లటి వాసనలు ఆమ్లాలు కాబట్టి వాటిని చల్లారుస్తుంది, అది నిజం. అంగుళం లోతుకి దిగిన దాన్ని ఏమీ చెయ్యదు, మైట్స్‌నీ చంపదు. రాత్రంతా వదిలెయ్యమంటారు. మన దగ్గర అలా వదిలితే తెల్లారేసరికి తేమకి అట్టకట్టి నేతలో కూరుకుపోతుంది. జల్లెడతో పలచగా చల్లి, ఎండ ముదిరిన పదకొండు నుంచి మూడు దాకా ఉంచి, వాక్యూమ్‌తో లాగేశాను.

ఎండ

కొబ్బరితోటలో ఇల్లున్నవాళ్ళకి తెలుసు, పెరట్లో ఎండ ముక్కలు ముక్కలుగా పడుతుంది. పరుపు మీద ఓ చోట ఎండ, ఓ చోట మట్టల నీడ, గంట గంటకీ మంచం జరపాలి. పైగా నెత్తిన గెలలు. కాబట్టి డాబానే గతి. కాయర్ పరుపుని మడవకూడదు, మడిస్తే లోపల పీచు విరిగి అక్కడ గుంట పడుతుంది. అంచు మీద నిలబెట్టి, నడుముకి తాడు కట్టి, మా ఆయన పైనుంచి, పాలేరు అబ్బాయి కిందనుంచి మెట్లెక్కించారు. ఆ తిట్లు ఇక్కడ రాయను.

స్లాబు మీద నేరుగా పరిచేస్తే అడుగుభాగానికి గాలాడదు. నులక మంచం మీద వేశాం. ఫోమ్ ఉన్న ముఖం కిందికి, బూజు చుక్కల ముఖం పైకి. ఫోమ్‌ని రోజుల తరబడి మండుటెండలో పెడితే పసుప్పచ్చబడి, వేలితో నొక్కితే రాలే స్థితికి వస్తుంది. దానికి నీడలో గాలి చాలు. ఎండ పీచు వైపుకి కావాలి. ఎండ అంటే అన్నీ చంపేస్తుందని అనుకుంటాం గానీ దాని వెలుగు బట్టని దాటి లోపలికి పోదు. లోపల పనిచేసేది వేడి, ఆరుదల.

బూజు చుక్కల్ని పొడి బ్రష్షుతో దులపలేదు, దులిపితే ఇంకో నాలుగు చోట్ల విత్తనాలు చల్లినట్టే. సర్జికల్ స్పిరిట్‌లో గుడ్డ తడిపి, ఒక్కో చుక్కనీ ఒత్తి తుడిచి, ప్రతిసారీ గుడ్డ మొహం మార్చాను. డాబా మీద, చుట్టుపక్కల అగ్గిపుల్ల లేకుండా. చుక్కలు బట్ట వరకే ఉన్నాయి. పీచులోకి దిగి ఉంటే పరుపు పారెయ్యడమే తప్ప దానికి వైద్యం లేదు.

పరుపు పైకెక్కించేది పదింటికి, మంచు తడి స్లాబు మీద ఆరాక. దించేది మూడున్నరకి. ఇంకాస్త ఎండ ఉంది కదా అని అయిదు దాకా ఉంచితే గోదావరి మీంచి వచ్చే చల్లగాలికి పొద్దుటి కష్టమంతా మళ్ళీ లోపలికి పోతుంది.

ఆరిందో లేదో చేతికి తెలీదు, పైన వెచ్చగానే ఉంటుంది. మూరెడు పాలిథిన్ ముక్క ఎండలో పరుపు మీద పరిచి, అంచులకి ఇటుక ముక్కలు పెట్టి అరగంట ఆగాను. తీసి చూస్తే లోపలి వైపు సన్నటి చెమట బిందువులు. అంటే పీచులో ఇంకా తడి ఉందన్నమాట. పాలిథిన్ పొడిగా లేచేదాకా పరుపు కిందికి దించడం, మర్నాడు మళ్ళీ ఎక్కించడమే. రాత్రుళ్ళు గదిలో గోడకి ఏటవాలుగా నిలబెట్టి టేబుల్ ఫ్యాను ఆడించాం.

మంచం

పరుపు బాగుచేసి పాత మంచం మీదే వేస్తే నల్ల చుక్కలు వచ్చే వానాకాలానికి తయారు. మాది సామాన్ల పెట్టె ఉన్న కాట్, పైన చిల్లుల్లేని ప్లైవుడ్. ఒంటి చెమట కిందికి దిగి, చల్లటి ప్లై తగిలి, అక్కడే నీరవుతుంది. వడ్రంగి వచ్చి జానెడుకొకటి చొప్పున అంగుళం చిల్లులు వేసి, అంచులు ఉప్పుకాగితంతో నున్నగా తోమాడు. పెట్టెలో కుక్కిన పాత చీరలు, పుస్తకాలు సగం ఖాళీ చేశాను. మంచాన్ని ఉప్పెక్కిన వెనకగోడకి బెత్తెడు ఎడంగా జరిపాం. మొత్తం పనిలో దీనికి పట్టిన టైమే తక్కువ, ఫలితం ఎక్కువ దీనిదేనని నా అంచనా.

బూరుగు పరుపు

నరసాపురం నుంచి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద మోపెడ్‌తో దాటి వచ్చే పెద్దాయన ఒకరున్నారు, పరుపులు కుడతారు. పత్తి పరుపులైతే మిషన్ మీద ఏకించి, అంటే ఉండకట్టిన దూది విడదీయించి, తెస్తారు. అటక మీది మూట దించి, "దీన్ని కూడా ఏకించెయ్యండి బాబాయ్ గారూ" అన్నాను.

ఆయన మూల కుట్టు విప్పి, చిటికెడు లాగి, వేళ్ళ మధ్య నలిపి చూశారు. "ఆయ్, దీన్ని ఏకకూడదమ్మా. బూరుగు పోగు పెళుసు. మిషన్లో పడితే పిండైపోద్ది. చేత్తో విప్పుకోవాలంతే."

నాకు వాసన కొట్టింది దూది అనుకున్నాను. ఆయన దోసెడు తీసి ముక్కు దగ్గర పెట్టారు, ఏమీ లేదు. కంపంతా చారల గుడ్డది. ఆలోచిస్తే అంతే మరి. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనం పూత ఉంటుంది, నీటిని దగ్గరికి రానివ్వదు. ఒకప్పుడు ఓడల్లో లైఫ్ జాకెట్లు దీంతోనే నింపేవాళ్ళు. చెమట పీల్చుకున్నది బట్టే.

పాత దోమతెర నేల మీద పరిచి, దూదంతా అందులోకి తీసి, మూతి ముడేశాం. దోమతెర మూటని దండెం మీద వేలాడదీసి ఎండబెట్టడం ఆయన చెప్పిన ఉపాయమే. గాలి లోపలికి పోతుంది, దూది బయటికి ఎగరదు. గంటకోసారి మూటని కుదిపితే ఉండలు విడి, మిగిలిపోయిన నల్ల గింజలూ ముక్కిన పొడీ తెర కంతల్లోంచి కింద రాలాయి. సాయంత్రానికి మూట పొద్దుటికన్నా బాగా లావెక్కింది.

అత్తయ్యగారు అలవాటుగా సాంబ్రాణి ధూపం పట్టుకొచ్చారు. అక్కడ మాత్రం పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దండి అమ్మగారూ, నిప్పురవ్వ పడిందంటే భగ్గుమంటాది, ఆర్పే టైముండదు." ధూపం దేవుడి గదికి వెళ్ళింది.

చారల గుడ్డని కుంకుడు నురగతో ఉతికి చూశాం. వాసన పోయింది గానీ నడుము దగ్గర చిరుగులు పట్టాయి. కొత్త గుడ్డ తేవాల్సివచ్చింది. నింపాక ఆయన దబ్బనంలో పురికొస ఎక్కించి, జానెడు జానెడుకి ఇటునుంచి అటు గుచ్చి, రెండు వైపులా చిన్న గుడ్డముక్క అడ్డం పెట్టి బిగించి ముడేశారు. ఆ ముక్క లేకపోతే పురికొస ఏడాదిలో బట్టని కోసేస్తుందట. దూది ఓ పక్కకి జారిపోకుండా పట్టి ఉంచేవి ఈ కుట్లే. మూలలు చివర్న కుట్టారు, అరచేతితో కొట్టి కొట్టి దూదిని మూలకి తోస్తూ.

సప్తమి దాటాక

జిల్లేడాకుల స్నానాలు, చిక్కుడాకుల్లో పరమాన్నం అయ్యాయి. కాయర్ పరుపు మంచం మీదికి ఎక్కింది. తెల్లారుజామున మీటరు 81 చూపించినప్పుడు వెళ్ళి ముక్కు ఆనించాను. కుడిపక్క ఏమీ లేదు. తల వైపు నూనె ముక్కిన వాసన పీలగా ఉంది, దగ్గరికి వంగితేనే. మళ్ళీ ఓసారి పౌడరు, నురగ పడాలి, తీర్థం అయ్యాక చూస్తాను.

పైన ఉతుక్కునే నూలు కవరు వేశాను. కొన్నప్పటి పాలిథిన్ కవరుతోనే ఏళ్ళ తరబడి పడుకునే ఇళ్ళు చాలా చూశాను. పరుపు కొత్తగా ఉంటుందని వాళ్ళ ధైర్యం, చెమటంతా దాని కిందే మగ్గుతుంది. బుడ్డోడు వస్తున్నాడు కాబట్టి వాడి కింద వరకు రబ్బరు షీటు, పొద్దున్నే తీసి ఆరేసేలా. ఇక పొద్దున లేవగానే పక్క దులిపి దుప్పటి కప్పెయ్యకుండా గంటసేపు తెరిచి ఉంచమని ఇంట్లో అందరికీ చెప్పాను. అత్తయ్యగారు, "లేవగానే పక్క సర్దాలని మా అమ్మ నన్ను కొట్టేది" అన్నారు, ఒప్పుకున్నారో లేదో తెలీలేదు.

బూరుగు పరుపు ఆవిడ గదిలోనే వేశాం. మిగిలినవి దిండ్లు. ఫోమ్ దిండ్లు రెండు పారెయ్యాలి, నొక్కితే లేవట్లేదు. పత్తి దిండ్లు ఏకించడానికి పెద్దాయన ఏకాదశి జనం తగ్గాక వస్తానన్నారు, ఈ వారం పంటు మీద కాలు పెట్టే చోటుండదు.